ఊడిరాని కవరు

అట్టలాయన కాలు విరగ్గొట్టుకున్నది బావమరిది వాగ్దానాల మీద అడుగేసి. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. వార్డు ఎన్నికల్లో నిలబడిన బావమరిది తన కరపత్రాల కట్ట తెచ్చి, "బావా, సాయంత్రం పట్టుకెళ్తా" అని బైండింగు గది గుమ్మంలో పడేసి పోయాడు. అంత కట్టకి దారం కట్టాలని తోచలేదు ఆ మనిషికి. ఒక్క రబ్బరు బ్యాండు వేశాడు. అది తెగింది. నున్నటి కాగితాలు గచ్చంతా పరుచుకున్నాయి. చేతుల నిండా అట్టలు పట్టుకుని, ముందేముందో కనబడకుండా వస్తున్న అట్టలాయన వాటి మీద కాలు పెట్టాడు. బోర్లా పడ్డాక ఆయన ముక్కు కింద ఉన్న మొదటి వాగ్దానం ఇది: ప్రతి వీధికీ కాలు జారని నడకదారి.

"కరపత్రం చదివావా బావా? ఎలా ఉంది?" అని ఆస్పత్రిలో అడిగాడు బావమరిది.

"చాలా దగ్గర్నుంచి చదివాను" అన్నాడు అట్టలాయన.

అట్టలాయనంటే ఆ వీధిలో పుస్తకాలు బైండు చేసే మనిషి. ఆ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు ఒక పాత నిఘంటువు దొరికితే దాన్ని విప్పి, కుట్టు ఎలా వేశారో, వెన్ను మీద గుడ్డ ఎలా సాగదీశారో చూసి, మళ్ళీ కుట్టాడు. మొదటిసారి వంకర వచ్చింది. మళ్ళీ విప్పాడు. అలా విప్పీ కుట్టీ చెయ్యి కుదిరేసరికి ఆ నిఘంటువు సగం చిల్లులే. ఆ తర్వాత ఆయన చేతిలోంచి గ్రంథాలయాల పుస్తకాలు, ఆఫీసుల రిజిస్టర్లు, కాలేజీ పిల్లలు నానా తంటాలు పడి రాసిన పరిశోధన వ్యాసాలు ఎన్నో వెళ్ళాయి. ఒక్కటీ ఊడి వెనక్కి రాలేదు. ఎవరైనా కొత్తవాళ్ళు "గట్టిగా ఉంటుందా?" అని అడిగితే, నోటితో జవాబు చెప్పడు. చేతిలో ఉన్న పుస్తకాన్ని ఒక అట్ట పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి నాలుగుసార్లు ఊపుతాడు. అంతే.

ఓటు విషయంలోనూ ఆయన పద్ధతి అదే. మాట్లాడేది లేదు. ఎన్నికల రోజు పొద్దున్నే ఒక పుస్తకానికి జిగురు రాసి, చక్రం తిప్పి నొక్కే ప్రెస్సులో బిగించి, ఏప్రనుతోనే వెళ్ళి ఓటేసి, జిగురు ఆరేలోపు తిరిగొచ్చేవాడు. ఎవరికి వేశాడో భార్యకి కూడా చెప్పలేదు. ఆవిడ అడిగీ అడిగీ విసిగి వదిలేసింది.

బావమరిది దీనికి పూర్తిగా విరుద్ధం. వాణ్ణి ఇంట్లో, వీధిలో అందరూ మైకు అంటారు. భార్యకి తమ్ముడు కాబట్టి అట్టలాయన కొంచెం మర్యాదగా ఆఫ్ చెయ్యని మైకు అంటాడు. రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. ఓడిన ప్రతిసారీ గెలిచినవాళ్ళ కంటే ఎక్కువసేపు ఉపన్యాసం ఇచ్చాడు. ఇది మూడోసారి. ఎదురుగా నిలబడినావిడకి కుళాయిల కొట్టుంది. ఆవిడ మాట్లాడదు. అడిగితే వాషర్ మార్చి పోతుంది.

కాలికి తొడ దాకా పిండికట్టు వేసి పంపాక, అట్టలాయన మంచం బైండింగు గదిలోనే వేయించుకున్నాడు. ఒకపక్క ప్రెస్సు, ఒకపక్క కుట్టు బల్ల, చెయ్యి చాపితే జిగురు గిన్నె. భార్య పుస్తకాలు అందిస్తుంటే కూర్చునే కుట్టేవాడు. అక్కడికి ఒక మధ్యాహ్నం మైకు వచ్చి ప్రెస్సు చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"బావా, నీ ఓటు గురించి నువ్వేం బెంగపెట్టుకోకు. అంతా నేను చూసుకున్నా."

"నా ఓటు నువ్వు చూసుకోవడమేమిట్రా?"

"ఓట్లేసేది బడి పై అంతస్తులో. నువ్వు మెట్లెక్కలేవు. అందుకని పెద్ద కుర్చీ మాట్లాడా. ఎర్ర మఖమల్ మెత్త, చేతులకి బంగారు రంగు. నలుగురు కుర్రాళ్ళు ఎత్తుకుంటారు. ముందు నేను నడుస్తా. పక్కన ఫోటోగ్రాఫరు. కాలు విరిగినా బావమరిది కోసం బయల్దేరిన బావ! ఎలా ఉంది?"

"నీ కోసం బయల్దేరానని నీకెవరు చెప్పారు?"

"హహ! అక్కా, చూశావా బావ జోకులు?" అని మైకు లోపలికి కేకేశాడు. "ఓటు పెట్టె దాకా తీసుకెళ్ళి, నీ భుజం మీద చెయ్యేసి నిలబడతా బావా. ఆ ఫోటో ఒక్కటి చాలు."

"చక్రం మీంచి చెయ్యి తియ్యి. లోపల పుస్తకం నలుగుతోంది" అన్నాడు అట్టలాయన.

మైకు వెళ్ళాక చాలాసేపు ఆయన సూదిలో దారం ఎక్కించలేకపోయాడు. కాలు విరిగినందుకు రాని కోపం ఇప్పుడొచ్చింది. ఏప్రను కట్టుకుని తన కాళ్ళ మీద తను వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా వేసొచ్చే ఓటు అది. దాన్ని మఖమల్ మెత్త మీద కూర్చోబెట్టి ఊరేగించి, భుజం మీద చెయ్యి వేసి వేయిస్తే అది ఇంకెవరి ఓటు? అలాగని వెయ్యకుండా మానేస్తే? అదీ ఆయన వల్ల కాదు.

"నేను చెప్పనా వాడికి, వద్దని?" అంది భార్య.

"చెప్పు. నువ్వు చెప్పింది కూడా కరపత్రంలో వేస్తాడు."

దారి చూపించింది జిగురు కాగితం. బైండింగు చేసేవాళ్ళు అట్టకి జిగురు రాసేటప్పుడు కింద పాత వార్తాపత్రిక పరుస్తారు. అట్టలాయన పత్రికలు చదివేది ఆ పద్ధతిలోనే, కాస్త ఆలస్యంగా, సగం జిగురు కింద. ఆ రోజు పరిచిన కాగితంలో ఒక మూల ప్రకటన ఉంది. నడవలేనివాళ్ళూ, వాళ్ళని కనిపెట్టుకుని ఉండేవాళ్ళూ ఇంటి దగ్గర్నుంచే పోస్టులో ఓటు వెయ్యడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని. ఆఖరి తేదీ దగ్గర జిగురు పడింది. ఆయన వేలితో తుడిచి చూశాడు. ఇంకా వ్యవధి ఉంది.

భార్య పోస్టాఫీసుకి వెళ్ళి దరఖాస్తూ, అచ్చు వేసిన కవరూ తెచ్చింది. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, కారణం. కారణం దగ్గర ఆయన పెన్ను ఆగింది.

"బావమరిది అని రాస్తే ఒప్పుకుంటారా?"

"కాలు అని రాయండి" అంది ఆవిడ.

రాశాడు. సంతకం పెట్టాడు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు. కాని కవరు చేతికొచ్చింది. దాని మూతకి రాసిన బంకని వేలితో తడిమి చూశాడు. తడిపి అంటించాడు. గోటితో మీటాడు. టపీమని ఊడింది.

"ఇది బంకా? దీన్ని నమ్ముకునా వీళ్ళు ఎన్నికలు పెడుతున్నారు? దారిలో తెరుచుకుంటే? ఎవడైనా చూసి నీ తమ్ముడి చెవిలో వేస్తే? పొద్దున్నే ఫారం పట్టుకుని వస్తాడు, నేను నింపుతా బావా అని."

"అందుకని?"

"ఆ గిన్నె ఇలా పెట్టు."

పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేసి ఉడికించిన పిండి జిగురు అది. పుస్తకం వెన్నుకి రాస్తే మనుషులు పోయినా పుస్తకం ఉంటుంది. కవరు మూతకి ఆ చివర్నుంచి ఈ చివరికి నిండుగా పట్టించాడు. దాని మీద వెన్నుకి వేసే గుడ్డ పట్టీ ఒకటి వేసి, మళ్ళీ జిగురు రాశాడు. ఇంకా మనసు ఒప్పలేదు. కాలు కదపలేడు కాబట్టి ప్రెస్సు తిప్పే పని భార్యకి పడింది.

"ఇంకొంచెం" అన్నాడు మంచం మీంచి.

"ఇంకెంత? లోపలున్నది దరఖాస్తండీ, దొంగ కాదు."

"ఇంకొక్క పట్టు."

మర్నాడు ప్రెస్సులోంచి తీసిన కవరు పలకలా ఉంది. అట్టలాయన దాన్ని ఒక మూల పట్టుకుని, అలవాటు ప్రకారం నాలుగుసార్లు ఊపాడు. తృప్తిగా పోస్టుకి పంపాడు.

అన్నీ తెలిసిన చెయ్యికి ఒక్కటి తెలియలేదు. పుస్తకం అట్టలు మూసేది మళ్ళీ తెరవడానికే అని ఆయనకి బాగా తెలుసు. కవరు కూడా అవతల ఎవరో తెరవాలి కదా అన్న ముక్క మాత్రం బుర్రలోకి రాలేదు.

ఆఖరి తేదీకి ముందు రోజు ఫోను మోగింది. ఖర్మ కాలి ఆ సమయానికి మైకు అక్కడే ఉన్నాడు. కొత్త ఉపన్యాసం చదివి వినిపిస్తున్నాడు.

"ఎన్నికల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానండీ" అంది అవతల ఒకమ్మాయి. "మీ కవరు వచ్చింది. కాని తెరుచుకోవట్లేదు."

అట్టలాయన మైకు వైపు చూశాడు. మైకు చదవడం ఆపి చెవులు నిక్కించాడు.

"తెరుచుకోకపోవడమేమిటమ్మా? మన పని అలాగే ఉంటుంది" అన్నాడు అట్టలాయన, గిరాకీతో మాట్లాడినట్టు.

"అంటే... కత్తెరతో కోశామండీ. లోపల కాగితం కూడా కవరుకి అతుక్కుపోయింది. పైన టీ కెటిల్ ఆవిరి కూడా పట్టాం. మీ సంతకం ఉన్న భాగం కవరుతో వస్తోంది, పేరున్న భాగం బల్లకి అంటుకుపోతోంది."

ఆయన మొహం మాడింది. ప్రెస్సు! గట్టిగా బిగిస్తే జిగురు లోపలికి కారుతుంది. కొత్తగా పనికి వచ్చినవాడికి మొదటిరోజు చెప్పే సంగతి. లోపల మైనపు కాగితం ముక్క ఒకటి అడ్డం పెట్టాల్సింది.

"మైనపు కాగితం పెట్టలేదు" అన్నాడు నీరసంగా.

"ఏంటండీ?"

"ఏం లేదమ్మా. తప్పు నాదే. మళ్ళీ చేసిస్తాను."

"ఎవరు బావా?" అన్నాడు మైకు.

"గిరాకీ. పుస్తకం తెరుచుకోవట్లేదట."

"నీ పుస్తకమా! నీ చేత్తో చేసిందా! తిరిగొచ్చిందా!" మైకు మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో బావ పనిలో తప్పు దొరకడం ఇదే మొదలు.

అవతల అమ్మాయి వింటూనే ఉంది. "ఇంట్లో ఎవరైనా ఉన్నారాండీ? మాట్లాడలేకపోతున్నారా?" అంది గొంతు తగ్గించి.

"చాలా బాగా అర్థం చేసుకున్నావు తల్లీ."

"సరే, నేనే చెప్తా, మీరు ఊఁ అనండి. రేపు సాయంత్రం లోపు కొత్త దరఖాస్తు ఇవ్వాలి. ఎవరితోనైనా పంపొచ్చు."

"ఊఁ."

"దయచేసి ఈసారి మీ జిగురు వద్దు."

ఆయన జిగురు గిన్నె వంక చూశాడు. "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ చాలా కష్టంగా వచ్చింది.

మైకు వెళ్ళేటప్పుడు వీధంతా చెప్పుకుంటూ వెళ్ళాడు, బావ బైండు చేసిన పుస్తకం తిరిగొచ్చిందని. ఆ అప్రతిష్ఠ అట్టలాయన నోరుమూసుకుని మింగాడు. నిజం చెబితే ఓటు పోతుంది.

భార్య కొత్త దరఖాస్తు తెచ్చింది. ఆయన రాసి, సంతకం పెట్టి, ఆవిడ చేతికి ఇవ్వబోయి ఆగాడు. తీసుకెళ్ళాల్సింది ఎవరు? నిలబడినవాడి స్వంత అక్క.

"తీసుకెళ్తావా?"

"తీసుకెళ్ళకేం?"

"ఇది నీ తమ్ముడికి తెలియకుండా చేసే పని."

"వాడికి తెలియకుండా చాలా చేశాను. వాడు చిన్నప్పుడు దాచుకున్న ఈల మా అమ్మ చేత బావిలో పడేయించింది నేనే." చెప్పులు వేసుకుంటూ అంది. "ఒకటి చెప్పండి. వాడికి వేస్తారా, వెయ్యరా?"

"చెప్పను."

"వాడు ఓడిపోతే?"

"ఓడితే నా ఓటు వల్ల కాదు, వాడి నోటి వల్ల."

ఆవిడ కవరు సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాటబోయి వెనక్కొచ్చి, జిగురు గిన్నె తీసుకెళ్ళి వంటగదిలో పెట్టి మరీ బయల్దేరింది.

తిరిగొచ్చేసరికి బాగా ఆలస్యమైంది. అట్టలాయన ఆపాటికి మంచం మీద లేచి పడుతున్నాడు.

"ఇచ్చావా? తీసుకున్నారా?"

"తీసుకున్నారు. ఆ అమ్మాయి మీ మొదటి కవరు బల్ల మీద పెట్టుకుంది, కాగితాలు ఎగరకుండా. ఆఫీసంతా వచ్చి తలో చెయ్యి వేసి లాగి చూశారట. వాళ్ళ పెద్దాయన తన టిఫిను డబ్బా కూడా మీ చేత మూయించాలంటున్నాడు."

"నవ్వారా?"

"నవ్వక ఏడుస్తారా?"

"గట్టిగా ఉందని ఎవరూ అనలేదా?"

"అన్నారు లెండి" అంది ఆవిడ జాలిపడి.

వారం తిరక్కుండా పోస్టులో కవర్లు వచ్చాయి. ఒకటి అట్టలాయన పేరుతో. రెండోది చూసి ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. భార్య పేరుతో ఉంది.

"ఇదేమిటి?"

"కనిపెట్టుకుని ఉండేవాళ్ళు కూడా పెట్టుకోవచ్చని మీ జిగురు కాగితంలోనే ఉందిగా. ఆ అమ్మాయిని నాకూ ఒకటి ఇమ్మన్నా. మిమ్మల్ని కుర్చీలో మోస్తే, ఆ కుర్చీ ముందు నన్ను నడిపించేవాడు కాడా వాడు? నాకు మాత్రం సిగ్గుండదా?"

అట్టలాయన కుట్టు బల్ల మీద ఉన్న సామానంతా తనే ఒక పక్కకి జరిపి, ఆవిడకి చోటు చేశాడు.

తలుపు గడియపెట్టి ఓట్లు వేశారు. ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి, ఆవిడ బల్ల దగ్గర కిటికీ వైపు తిరిగి. వీపులు ఎదురెదురుగా. మధ్యలో ఆవిడ ఒకసారి దగ్గింది.

"చూస్తున్నావా?" అన్నాడు.

"మీ వీపులో ఏముందని చూడాలి?"

పత్రాన్ని లోపలి కవరులో పెట్టి, దాన్ని పై కవరులో పెట్టి, మీద సంతకం చెయ్యాలి. పక్కన ఒక సాక్షి సంతకం ఉండాలి. ఆయనకి ఆవిడ సాక్షి, ఆవిడకి ఆయన. ఎవరికి వేశారో తెలియదని ఇద్దరూ నిజాయితీగా సాక్ష్యం పెట్టారు.

ఇక అంటించడం మిగిలింది. ఈ కవరు మూతకి సన్నటి కాగితం పట్టీ ఉంది. పీకి నొక్కితే అంటుకుంటుందట. అట్టలాయన నొక్కాడు. మూల కొంచెం లేచింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లేచింది.

"ఏమే, గిన్నె ఎక్కడ?"

"లేదు."

"మూలకి మాత్రమే. చీపురుపుల్ల కొనంత."

"ఆ అమ్మాయికి ఊఁ అన్నారు."

"లోపల మైనపు కాగితం పెడతానే!"

"ఊఁ అన్నారా, లేదా?"

ఆయన ఆ మూల మీద బొటనవేలు పెట్టి కూర్చున్నాడు. కాఫీ వస్తే ఎడం చేత్తో తాగాడు. వేలి వేడికి ఆ బంక మెత్తబడి, చిట్టచివరికి పట్టుకుంది. గోటితో మీటబోయి, మానేశాడు. జీవితంలో మొదటిసారి ఒక పనిని పరీక్షించకుండా పంపించాడు.

ఎన్నికల రోజు పొద్దున్నే వీధిలో సందడి. ఎర్ర మఖమల్ కుర్చీ, నలుగురు కుర్రాళ్ళు, ఫోటోగ్రాఫరు, అందరికంటే ముందు ఇస్త్రీ బట్టల్లో మైకు. అట్టలాయన ఏప్రను కట్టుకుని మంచం మీద కూర్చుని పుస్తకం కుడుతున్నాడు.

"బావా, లే! కుర్చీ వచ్చింది!"

"మంచి కుర్చీయే. నా ఓటు వెళ్ళి నాలుగు రోజులైంది."

"వెళ్ళిందా? ఎక్కడికి? ఎలా?"

"పోస్టులో. కాలు విరిగిందని అర్జీ పెట్టుకున్నా."

మైకు అక్క వైపు తిరిగాడు. "అక్కా, పోనీ నువ్వైనా రా. కుర్చీలో నువ్వు కూర్చో. అద్దె ఇచ్చేశాను."

"నాదీ అయిపోయిందిరా."

"నీకేం విరిగిందే?"

"ఓపిక" అంది ఆవిడ.

ఫోటోగ్రాఫరు వాచీ చూసుకున్నాడు. కుర్రాళ్ళు ఖాళీ కుర్చీని పట్టుకుని నిలబడ్డారు. వచ్చినందుకు ఏదో ఒక ఫోటో ఉండాలి కదా. మైకు తనే ఎక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా చేతులూపుతూ వెళ్ళాడు. బడి మెట్లు ఎక్కేటప్పుడు కూడా ఊరుకోక, వెనక్కి తిరిగి జనానికి రెండు ముక్కలు చెప్పబోయాడు. బరువు ఒక పక్కకి ఒరిగి, కుర్చీ కాలు మెట్టుకి తగిలి, అతుకు దగ్గర ఊడింది. ఫోటోగ్రాఫరు పనితనం తెలిసినవాడు. గాల్లో ఉండగానే తీశాడు.

మైకుకి దెబ్బలేమీ తగల్లేదు. ఓట్లు కూడా పెద్దగా పడలేదు. కుళాయిల కొట్టావిడ గెలిచి, ఆ సాయంత్రం కొట్టు మామూలుగానే తెరిచింది.

కుర్చీ ఇచ్చినవాడు మూడు కాళ్ళ కుర్చీని వెనక్కి తీసుకోనన్నాడు. మైకు దాన్ని మోసుకుని బావ దగ్గరికే వచ్చాడు. ఈసారి ముందు నడిచేవాళ్ళెవరూ లేరు. అట్టలాయన అతుకు చూశాడు. ఎవడో మేకు కొట్టి సరిపెట్టాడు. చీదరగా మొహం పెట్టి, మేకు పీకి, పాత రంగు గీకి, భార్యని వంటగదిలోంచి గిన్నె తెమ్మన్నాడు. కాలు కూర్చోబెట్టి, దారంతో బిగించి కట్టాడు. మైకు ఆ పని అయ్యేదాకా ఏదో మాట్లాడుతూనే ఉండి, కట్టు పడగానే ఆలోచించకుండా అందులో కూలబడ్డాడు.

కుర్చీ చేతి మీది బంగారు రంగు గోటితో గీకాడు.

"బావా, నిజం చెప్పు. ఎవరితోనూ అనను. నాకు వేశావా?"

పక్కన గుమ్మంలో భార్య కూడా చేస్తున్న పని ఆపింది.

అట్టలాయన కుర్చీ కాలు వంకే చూస్తున్నాడు.

"కదలకు" అన్నాడు. "మాట్లాడినా కదులుతుంది. జిగురు ఆరేదాకా అలాగే ఉండు."

మైకు బిగుసుకుపోయాడు. అట్టలాయన సూదిలో దారం ఎక్కించుకున్నాడు. ఈసారి ఒక్క పట్టులో ఎక్కింది. పిండి జిగురు ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఆ రోజు మధ్యాహ్నమంతా బైండింగు గదిలో దారం కాగితంలోంచి వెళ్ళే చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు.